ధమనులు, సిరలు: "మంచి రక్తం, చెడు రక్తం" కాకపోతే అసలు తేడా ఏమిటి?

పదో తరగతి అమ్మ
మా అమ్మాయి రక్త ప్రసరణ పాఠం చదువుతోంది. ధమనుల్లో మంచి రక్తం (ఆక్సిజన్ ఎక్కువున్నది), సిరల్లో చెడు రక్తం (ఆక్సిజన్ తగ్గినది) ఉంటుందని ట్యూషన్ నోట్సులో రాయించారు. దాని కిందే "పుపుస ధమని, పుపుస సిర దీనికి మినహాయింపు" అని ఇంకో వాక్యం ఉంది. ఆ మినహాయింపు ఎందుకో తనకి అంతుపట్టడం లేదు. "ఊరికే గుర్తు పెట్టుకోవడమేనా అమ్మా?" అంటోంది. బట్టీ పట్టించడం నాకూ ఇష్టం లేదు. ధమని గోడ మందంగా ఉంటుందట, సిరలో కవాటాలు, అంటే ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటివి, ఉంటాయట. వాటికీ ఈ మంచి, చెడు రక్తానికీ ఏమైనా సంబంధం ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. తనూ నా పక్కనే కూర్చుని చదువుతుంది.

జీవశాస్త్రం మాస్టారు
అమ్మా, మీ పాప సరైన చోటే ఆగింది. లోపలున్న రక్తాన్ని బట్టి కాదు, అది వెళ్లే దిక్కుని బట్టి ఆ పేర్లు పెట్టారు. గుండె నుంచి బయటకు తీసుకెళ్లేది ధమని, గుండె వైపు తిరిగి తెచ్చేది సిర. ఇలా చూస్తే పుపుస ధమని మినహాయింపే కాదు. అందులో ఆక్సిజన్ తగ్గిన రక్తమే ఉన్నా, అది కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి ఊపిరితిత్తులకు వెళ్తుంది కాబట్టి ధమని. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు (గుండె పై గదికి) వస్తుంది కాబట్టి పుపుస సిర సిరే. కడుపులో బిడ్డకి ఉండే బొడ్డుతాడు కూడా ఇంతే. అందులో సిర తల్లి మాయ నుంచి ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న రక్తాన్ని బిడ్డకి తెస్తుంది. రెండు ధమనులు ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని వెనక్కి తీసుకెళ్తాయి.

"చెడు రక్తం" అనే మాట నేను క్లాసులో వాడను. విశ్రాంతిగా ఉన్న మనిషిలో గుండెకి తిరిగొచ్చే రక్తంలో కూడా హీమోగ్లోబిన్ దాదాపు 75 శాతం ఆక్సిజన్‌తోనే ఉంటుంది. ధమనుల్లో అది 95 శాతం పైన. అంటే ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఖర్చయ్యేది పావు వంతు. మిగతాది నిల్వ కింద లెక్క. పరిగెత్తేటప్పుడు కండరాలు ఆ నిల్వలోంచే ఇంకా లాక్కుంటాయి. దాన్ని చెడు రక్తం అంటే పిల్లలకి మురికినీళ్ల లాంటి ఊహ వస్తుంది, అది మనసులోంచి పోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇంటర్ బైపీసీ
సార్, నాదో సందేహం. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందని చాలామంది అంటారు. చేతి మీద చూస్తే నిజంగానే నీలంగా, కొంచెం పచ్చగా కనిపిస్తాయి కదా?

వార్డు నర్సు
రోజూ సిరల నుంచి రక్తం తీసే దాన్ని కాబట్టి దీనికి నేను చెప్తాను. ట్యూబులోకి వచ్చేది ముదురు ఎరుపు. ఎవరిదైనా అంతే. ధమని నుంచి తీసే పరీక్ష కూడా ఒకటుంది, మణికట్టు దగ్గర తీస్తాం. ఆ రక్తం మెరిసే ఎరుపులో ఉంటుంది, సిరంజిలోకి దానంతట అదే పొంగుతూ వస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. నీలం మాత్రం ఎక్కడా ఉండదు.

పైనుంచి నీలంగా కనిపించడం వెలుగు వల్ల. ఎర్ర కాంతి చర్మంలోకి లోతుగా వెళ్తుంది, నీలి కాంతి పైపైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. సిర ఉన్న చోట లోపలికి వెళ్లిన ఎర్ర కాంతిని రక్తం పీల్చుకుంటుంది. చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే అక్కడి నుంచి కంటికి చేరే ఎరుపు తగ్గుతుంది, అందుకే అది నీలంగా అనిపిస్తుంది.

ప్రవాహాల ఇంజనీరు
నేను పైపులు, పంపుల పని చేసేవాణ్ని. గోడల మందం ప్రశ్నకి నా వైపు నుంచి జవాబు చెప్తాను, వైద్యులెవరైనా ఉంటే సరిచూడండి.

మొత్తం కథ పీడనంలో ఉంది. గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద ధమని బృహద్ధమని. అందులో సగటు పీడనం దాదాపు 100 మిల్లీమీటర్ల పాదరసం (బీపీ కొలిచే కొలమానం ఇదే). ధమనుల్ని సిరలతో కలిపే అతి సన్నని రక్తకేశనాళికల్లోకి అడుగుపెట్టేసరికి అది 35 దగ్గరికి పడిపోతుంది. అవి దాటేసరికి 15. కుడి కర్ణిక చేరేటప్పటికి దాదాపు సున్నా. ధమని అంత పీడనాన్ని జీవితాంతం, రోజుకి లక్ష దెబ్బల చొప్పున భరించాలి. గోడ మందంగా లేకపోతే నిలవదు. సిరకి ఆ బాధ లేదు.

మందం ఒక్కటే కాదు, సాగే గుణమూ ఉంది. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇదే. బీపీ 120/80 అంటాం. కానీ ఎడమ జఠరిక సడలినప్పుడు దానిలో పీడనం దాదాపు సున్నాకి పడిపోతుంది. మరి ధమనిలో 80 ఎలా నిలిచింది? గుండె నొక్కిన క్షణంలో బృహద్ధమని సాగి, వచ్చిన రక్తంలో కొంత తనలో దాచుకుంటుంది. గుండె సడలగానే ద్వారం దగ్గరున్న కవాటం మూసుకుంటుంది. సాగిన గోడ తిరిగి ముడుచుకుంటూ ఆ రక్తాన్ని ముందుకి తోస్తుంది. గుండె ఆగి ఆగి తోసినా, చివర కేశనాళికల్లో ప్రవాహం దాదాపు ఆగకుండా సాగడానికి ముఖ్య కారణం ఈ గోడే. ఇది పంపు చేసే పనిలో కొంత పైపు పంచుకోవడం. మనిషి కట్టిన ఏ పైపులైనులోనూ ఇంత అందమైన ఏర్పాటు నేను చూడలేదు.

రెండో ఏడాది ఎంబీబీఎస్
ఇంజనీరు గారు చెప్పింది సరైనదే. దానికి రెండు మాటలు కలుపుతాను. గుండె కండరానికి రక్తమిచ్చే హృదయ ధమనులు బృహద్ధమని మొదట్లోనే పుడతాయి. ఎడమ జఠరిక గట్టిగా ముడుచుకున్నప్పుడు తన గోడలోని సన్నని నాళాల్ని తనే నొక్కేస్తుంది. కాబట్టి ఎడమ వైపు కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలినప్పుడే. అంటే ఆ సాగిన గోడ ముడుచుకుంటూ తోసిన రక్తమే గుండెని కూడా పోషిస్తోంది.

వయసు పైబడ్డాక పెద్ద ధమనులు గట్టిపడతాయి. సాగి దాచుకునే శక్తి తగ్గుతుంది. అందుకే చాలామంది పెద్దవాళ్లలో పై అంకె పెరిగి, కింది అంకె మామూలుగానో తక్కువగానో ఉంటుంది, 160/70 లాగా. "కిందిది బాగానే ఉంది కదా, పర్లేదు" అనుకుని మందులు మానేసేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఆ రెండు అంకెల మధ్య దూరం కూడా ధమని ఎంత బిరుసెక్కిందో చెబుతుంది.

గోడ మందం గురించి ఇంజనీరు గారి మాటకి ఇంకో రుజువు. పుపుస ధమని కూడా ధమనే. కానీ అందులో పీడనం 25/10 దగ్గర్లోనే ఉంటుంది. దాని గోడ బృహద్ధమని గోడ కంటే చాలా పల్చన. గోడ మందాన్ని నిర్ణయించేది లోపలి పీడనమేనని అక్కడే తెలిసిపోతుంది.

ఇంటర్ బైపీసీ
ఒకటి అర్థం కావట్లేదు. పైపు నోరు వేలితో నొక్కితే నీళ్లు వేగంగా చిమ్ముతాయి కదా. కేశనాళిక అంత సన్నగా ఉంటే అందులో రక్తం ఇంకా వేగంగా పరుగెత్తాలి. పుస్తకంలో మాత్రం అక్కడ చాలా నెమ్మది అని రాశారు.

ప్రవాహాల ఇంజనీరు
మంచి ప్రశ్న తమ్ముడూ. మీరు చెప్పిన పైపు ఒక్కటే పైపు. ఇక్కడ ఒక్క బృహద్ధమని కొన్ని వందల కోట్ల నాళికలుగా చీలిపోతోంది. ఒక్కో నాళిక వ్యాసం 5 నుంచి 10 మైక్రోమీటర్లే. ఎర్ర రక్తకణం దాదాపు 8 మైక్రోమీటర్లు ఉంటుంది, చాలా చోట్ల ఒంగి, వరసలో ఒకటొకటిగా దూరాలి. కానీ అన్ని నాళికల అడ్డుకోతల్నీ కలిపి లెక్కిస్తే బృహద్ధమని కంటే సుమారు వెయ్యి రెట్లు వస్తుంది. నిమిషానికి పోయే రక్తం మాత్రం అదే 5 లీటర్లు. దారి వెయ్యి రెట్లు వెడల్పైతే వేగం వెయ్యో వంతు అవుతుంది. బృహద్ధమనిలో సెకనుకి 30 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉన్న సగటు వేగం, కేశనాళికలో సెకనుకి మిల్లీమీటరులో మూడో వంతుకి దిగుతుంది. ఆ నాళిక పొడవు మిల్లీమీటరు లోపే కాబట్టి కణం అందులో ఉండేది ఒకటి నుంచి మూడు సెకన్లు. ఆక్సిజన్, గ్లూకోజు, కార్బన్ డయాక్సైడు చేతులు మారేది ఆ కాస్త సమయంలోనే. తర్వాత చిన్న సిరలు కలిసి పెద్దవవుతున్న కొద్దీ మొత్తం దారి ఇరుకై వేగం మళ్లీ పుంజుకుంటుంది.

పీడనం ఎక్కువగా పడిపోయే చోటు కేశనాళికలు కాదు, వాటికి ముందున్న ధమనికలు, అంటే ధమనుల సన్నని చివరి కొమ్మలు. వాటి గోడలో కండరం ఉంటుంది. నాళం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతు అవుతుంది. కాబట్టి ధమనికలు కొంచెం బిగిసినా, కొంచెం వదులైనా ఏ అవయవానికి ఎంత రక్తం వెళ్లాలో మారిపోతుంది. బీపీ మందుల్లో కొన్ని పని చేసేది ఈ కండరాల మీదే.

సైన్సు చరిత్ర చదువరి
ఇదంతా ఒకప్పుడు ఎవరికీ తెలియదు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ కాలం నుంచి దాదాపు 1400 ఏళ్లు వైద్యులు నమ్మింది వేరు: తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారు చేస్తుంది, అది సిరల గుండా అవయవాలకు వెళ్లి అక్కడే ఖర్చైపోతుంది, కొంత రక్తం గుండె మధ్య గోడలోని సన్నని రంధ్రాల ద్వారా కుడి నుంచి ఎడమకు చేరుతుంది. ఆ గోడలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ వైపుకి రావాలనీ 13వ శతాబ్దంలోనే అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు.

1603లో ఇటలీలోని పాదువాలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ సిరల్లో కవాటాల్ని వర్ణించాడు. కానీ అవి కాళ్లూ చేతుల్లోకి రక్తం ఒక్కసారిగా దిగిపోకుండా నెమ్మదింపజేయడానికి ఉన్నాయనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వీ అవే కవాటాల్ని చూసి, అవి గుండె వైపు మాత్రమే తెరుచుకుంటున్నాయని గమనించాడు. 1628లో అచ్చయిన పుస్తకంలో ఆయన వాదన ఒక లెక్క మీద నిలబడింది. గుండె ఒక్కో దెబ్బకి చాలా కొంచెం రక్తమే తోస్తుందనుకున్నా, అరగంటలో బయటికి వెళ్లేది ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువ అవుతుంది. అంత రక్తాన్ని తిండి నుంచి ఎప్పటికప్పుడు తయారు చేయడం అసాధ్యం. కాబట్టి అదే రక్తం తిరిగి రావాలి. ఇప్పటి అంకెలతో చూడండి: దెబ్బకి 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 దెబ్బలు, అంటే దాదాపు 5 లీటర్లు. రోజుకి 7,000 లీటర్లు.

ధమని చివరి నుంచి సిర మొదటికి రక్తం ఎలా దాటుతుందో హార్వీ చూడలేకపోయాడు, ఆయన దగ్గర మైక్రోస్కోపు లేదు. ఆయన చనిపోయింది 1657లో. నాలుగేళ్ల తర్వాత, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ మైక్రోస్కోపుతో కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికల్ని చూశాడు. కంటికి కనపడని దారి ఉండి తీరాలని లెక్కతో తేల్చిన మనిషి అది చూడకుండానే పోయాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వార్డు నర్సు
హార్వీ చూపించిన పరీక్ష పాపతో ఇంట్లోనే చేయించొచ్చు అమ్మా, సూది అక్కర్లేదు. చెయ్యి కాసేపు కిందికి వేలాడేయమనండి, సిరలు ఉబ్బుతాయి. ముంజేతి మీద నిటారుగా, కొమ్మలు లేని ఒక సిరని ఎంచుకోండి. మణికట్టు వైపు ఒక వేలితో దాన్ని నొక్కి ఉంచి, రెండో వేలితో అక్కణ్నుంచి మోచేతి వైపు రుద్దుతూ రక్తాన్ని పైకి తోసి, ఆ రెండో వేలు తీసేయండి. మధ్యలో కవాటం ఉంటే అక్కడి వరకూ సిర ఖాళీగానే ఉంటుంది, పైనుంచి నిండదు. ఇప్పుడు మొదటి వేలు తీస్తే కింది నుంచి టక్కున నిండుతుంది.

రక్తం తీసే ముందు మేం చేతికి పట్టీ కట్టడం కూడా ఇందుకే. ఆ బిగింపు సిరల్ని మూసేంత ఉంటుంది, ధమనుల్ని మూసేంత ఉండదు. రక్తం లోపలికి వస్తూ ఉంటుంది, బయటికి పోలేదు, సిర ఉబ్బుతుంది. "నరం దొరకట్లేదు" అని మేం మళ్లీ మళ్లీ తడుముతుంటే టెన్షన్ పడకండి. ఒంట్లో నీరు తగ్గినా, చలికి నాళాలు ముడుచుకున్నా అలా జరుగుతుంది.

ఇంకొకటి, గాయాల విషయం. రక్తం మెరిసే ఎరుపులో, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్ముతుంటే ధమని తెగిందని అర్థం. ముదురు రంగులో ఒకే తీరుగా కారుతుంటే సిర. ఏది తెగినా మొదట చేయాల్సింది ఒకటే: శుభ్రమైన గుడ్డతో నేరుగా గాయం మీద గట్టిగా నొక్కి పట్టి, వదలకుండా ఆసుపత్రికి చేర్చడం. మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూడకండి, కట్టుకున్న గడ్డ ఊడిపోతుంది.

పదో తరగతి అమ్మ
పరీక్ష చేశాం. కింది వేలు తీయగానే నిండింది! మా అమ్మాయి అది చూసి ఎగిరి గంతేసింది, ఇప్పుడు ఇంట్లో అందరి చేతులూ పట్టుకుని చేస్తోంది. తన కొత్త ప్రశ్న: సిరల్లో పీడనం అంత తక్కువైతే, నిలబడ్డప్పుడు పాదాల్లోని రక్తం అంత ఎత్తు ఎలా ఎక్కుతుంది? గుండె పీల్చుకుంటుందా?

ఫిజియో
గుండె పీల్చడం కొంత ఉంది కానీ, పాదాల నుంచి పైకి తెచ్చేది ప్రధానంగా అది కాదు. పిక్క కండరాలే ఆ పని చేస్తాయి.

కదలకుండా నిలబడితే గుండె నుంచి పాదం వరకూ ఉన్న రక్తపు స్తంభం బరువంతా చీలమండ సిరల మీద పడుతుంది. అక్కడ పీడనం 90 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. సిరల్లో పీడనం తక్కువ అని మనం అనుకునేది పడుకున్న మనిషి సంగతి. నాలుగడుగులు వేయగానే పిక్క బిగిసి, దాని లోపలి సిరల్ని పిండుతుంది. కవాటాలు ఉన్నాయి కాబట్టి రక్తం పైకే పోతుంది, సడలినప్పుడు కిందికి జారదు. నడుస్తున్నంత సేపూ చీలమండ దగ్గర పీడనం 20, 30 దగ్గరే ఉంటుంది. శ్వాస కూడా సాయం చేస్తుంది: ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి, పొట్టలో పెరిగి, రక్తం పైకి జరుగుతుంది.

ఒంట్లోని రక్తంలో మూడింట రెండొంతుల దాకా ఏ సమయంలోనైనా సిరల్లోనే ఉంటుంది. పల్చటి గోడ వల్ల వచ్చే లాభం ఇదే, అవి సులువుగా సాగి నిల్వ ఉంచుకోగలవు. పడుకున్నవాళ్లు లేచి నిలబడితే సుమారు అర లీటరు రక్తం కాళ్ల వైపు జారుతుంది. నాడులు వెంటనే సిరల్ని, ధమనికల్ని బిగిస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. ఆ స్పందన ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. గంటల తరబడి కదలకుండా నిలబడినవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడానికీ కారణం ఇదే. అలా పడిపోయినవాళ్లని లేపి కూర్చోబెట్టాలని చూడకండి. పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తి పెట్టండి.

కవాటాలు పాడై రక్తం వెనక్కి కారడం మొదలైతే పైనున్న సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, అవే వెరికోస్ వెయిన్స్. నిలబడి పని చేసేవాళ్లు మధ్యమధ్యలో మడమలు పైకి ఎత్తి దించడం అలవాటు చేసుకుంటే పిక్కకి పని దొరుకుతుంది.

కొత్త సభ్యుడు
మా బంధువొకరికి ఆపరేషన్ తర్వాత చాలా రోజులు మంచం మీదే ఉండాల్సి వచ్చింది. కాలి సిరలో రక్తం గడ్డ కట్టింది, అది ఊపిరితిత్తికి వెళ్లిందన్నారు. కాలిలో గడ్డ ఊపిరితిత్తికే ఎందుకు వెళ్లాలి? మెదడుకి వెళ్లకూడదా?

రెండో ఏడాది ఎంబీబీఎస్
దారి గీసి చూస్తే జవాబు దొరుకుతుంది. కాలి సిర నుంచి ముందుకి వెళ్లే కొద్దీ సిరలు కలుస్తూ పెద్దవవుతాయి. అధో మహాసిర (ఒంటి కింది భాగపు రక్తాన్ని గుండెకి చేర్చే పెద్ద సిర), కుడి కర్ణిక, కుడి జఠరిక, అన్నీ విశాలమే, ఎక్కడా గడ్డకి అడ్డు లేదు. పుపుస ధమని ఊపిరితిత్తిలో కొమ్మలుగా చీలుతున్నప్పుడు దారి మొదటిసారి ఇరుకవుతుంది. గడ్డ చిక్కుకునేది అక్కడే. మెదడుకి వెళ్లాలంటే ఊపిరితిత్తి జల్లెడ దాటి ఎడమ వైపుకి రావాలి. కర్ణికల మధ్య గోడలో పుట్టుకతో ఉండే దారి మూసుకోనివాళ్లలో అరుదుగా అలా జరుగుతుంది. ధమని వైపు, అంటే ఎడమ కర్ణికలోనో మెడ ధమనిలోనో పుట్టిన గడ్డ అయితే నేరుగా మెదడుకి వెళ్లి పక్షవాతం తేగలదు.

ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే ఆలస్యం చేయొద్దు. దాన్ని మర్దన చేయొద్దు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అత్యవసర విభాగానికే వెళ్లాలి. మీ బంధువు త్వరగా కోలుకోవాలి.

డయాలసిస్ ఇంటివాళ్లం
ఈ చర్చ చూసి రాయాలనిపించింది. మా నాన్నగారికి డయాలసిస్ కోసం ముంజేతిలో ఫిస్టులా చేశారు, ధమనిని పక్కనే ఉన్న సిరకి కలిపి కుట్టారు. డయాలసిస్ యంత్రానికి నిమిషానికి కొన్ని వందల మిల్లీలీటర్ల రక్తం కావాలట. మామూలు సిర అంత ఇవ్వలేదు, ధమనిలో వారానికి మూడుసార్లు సూది గుచ్చలేరు. ధమని పీడనం తగిలి ఆ సిర కొన్ని వారాల్లో వెడల్పై, గోడ గట్టిపడింది. దాని మీద చెయ్యి పెడితే సన్నగా జుమ్మని అదురుతుంది. పొద్దున్నే లేవగానే ఆ అదురు ఉందో లేదో చూసుకోమన్నారు, ఆగిపోతే వెంటనే రమ్మన్నారు. ఆ చేతికి బీపీ చూడనివ్వం, రక్తం తీయనివ్వం.

పదో తరగతి అమ్మ
నాన్నగారు బాగుండాలండి. ఇది చదివి మా అమ్మాయి అడుగుతోంది: అయితే ఆ సిర ఇప్పుడు ధమని అయిపోయిందా?

జీవశాస్త్రం మాస్టారు
రక్తం ఇంకా గుండె వైపే వెళ్తోంది కాబట్టి అది సిరే. కానీ గోడ మాత్రం ధమని లాగా మారే ప్రయత్నం చేస్తోంది. బైపాస్ ఆపరేషన్‌లో ఇంకో అడుగు ముందుకి వెళ్తారు. కాలి నుంచి పొడవైన సిర తీసి, బృహద్ధమని నుంచి హృదయ ధమనిలో అడ్డంకి దాటిన చోటుకి కుడతారు. అక్కడ అది రక్తాన్ని గుండె నుంచి బయటికి తీసుకెళ్తుంది, ధమని పనే చేస్తుంది. కుట్టేటప్పుడు సాధారణంగా దాన్ని తలకిందులు చేస్తారు. ఎందుకో పాపనే చెప్పమనండి. ఆ కొత్త పీడనానికి గోడ మందమవుతుంది, కొందరిలో కొన్నేళ్లకి అతిగా మందమై దారి పూడిపోతుంది కూడా. ఛాతీ లోపలి గోడ నుంచి తెచ్చిన ధమనిని వాడితే ఎక్కువ కాలం నిలుస్తుంది.

పదో తరగతి అమ్మ
"కవాటాలు అడ్డం రాకుండా" అంది, నేను అడగడం పూర్తి కాకముందే. దాంతో పాటు ఇంకో పేచీ పెట్టింది. కాలేయ నిర్వాహక సిర పేగుల నుంచి కాలేయానికి వెళ్తుందని పుస్తకంలో ఉంది. గుండెకి వెళ్లనిది సిర ఎలా అవుతుందట?

జీవశాస్త్రం మాస్టారు
మధ్యలో ఆగుతుంది కానీ దారి గుండెకే. పేగుల కేశనాళికల్లో ఆహారపు సారాన్ని తీసుకున్న రక్తం ఈ సిరలో చేరి, కాలేయంలో మళ్లీ సన్నని నాళికలుగా విడిపోతుంది. కాలేయం గ్లూకోజులో కొంత నిల్వ చేసుకుని, మందుల్లో, విషాల్లో కొంత విరగ్గొట్టాక ఆ రక్తం కాలేయ సిరల ద్వారా అధో మహాసిరలోకి, అక్కణ్నుంచి కుడి కర్ణికకి వెళ్తుంది. రెండు కేశనాళికల వలల మధ్య ఉన్న సిర అన్నమాట. కాలేయానికి వచ్చే రక్తంలో నాలుగింట మూడొంతుల దాకా ఈ దారిలోనే వస్తుంది, మిగతాది కాలేయ ధమని ఇస్తుంది. పాపని ఈ రెండు వలల్నీ కలుపుతూ ఒక బొమ్మ గీయమనండి, ఎరుపు, నీలం రంగులు లేకుండా, బాణం గుర్తులతో మాత్రమే. పీడనం అంకెలు కూడా పక్కన వేస్తే ఇంకా మంచిది. ఇక్కడ పెట్టండి, అందరం చూస్తాం.